పిలిచినవారి మాటే చెల్లాలి

అమెరికాలో వేసవి సెలవులు మొదలుకాగానే వేలాది చర్చిల నుంచి యువతీయువకులు బృందాలుగా విదేశాలకు బయలుదేరతారు. మెక్సికో, హోండురాస్, హైతీ, కెన్యా, కంబోడియా... దేశం ఏదైనా కార్యక్రమం ఇంచుమించు ఒకటే. వారం పది రోజులు ఉంటారు. ఒక గది కట్టడంలో చెయ్యి వేస్తారు, పిల్లలతో ఆడిపాడతారు, వైద్య శిబిరం పెడతారు, సాయంత్రం సభలో తమ విశ్వాసం గురించి సాక్ష్యం చెబుతారు. ఇలా వెళ్లే చర్చి సభ్యులు ఒక్క అమెరికా నుంచే ఏటా సుమారు 16 లక్షల మంది ఉంటారని 2005 నాటి సర్వే ఆధారంగా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్‌నౌ అంచనా వేశారు. దక్షిణ కొరియా చర్చిలూ ఈ బాటలోనే ఉన్నాయి. తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. విదేశీ ప్రసంగికుడు, ఆయన పక్కన నిలబడి వాక్యం వాక్యం తర్జుమా చేసే స్థానిక పాస్టరు కోస్తా జిల్లాల సువార్త సభల్లో ఎప్పటినుంచో కనిపించే దృశ్యం. ఇప్పుడు తెలుగు సేవకులు కూడా ఆఫ్రికా దేశాలకు, గల్ఫ్‌కు, నేపాల్‌కు వెళ్తున్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు విశ్వాసులు స్వగ్రామాలకు బృందాలతో వస్తున్నారు. ఆతిథ్యమిచ్చే అనుభవమూ, అతిథిగా వెళ్లే అనుభవమూ రెండూ ఉన్న సమాజం మనది. అందుకే ఈ ప్రయాణాల మంచిచెడ్డల గురించి మాట్లాడే అర్హత, బాధ్యత మనకున్నాయి. నా వాదన ఒక్కటే. ప్రయాణం చిన్నది కావడం తప్పు కాదు. అక్కడ ఏం చేయాలో, అసలు రావాలో వద్దో చెప్పే అధికారం ఆతిథ్యమిచ్చే స్థానిక సంఘం చేతిలో ఉంటే అది పరిచర్య అవుతుంది. ఆ అధికారం డబ్బు పెట్టే బృందం చేతిలో ఉంటే, ఎంత మంచి మనసుతో వెళ్లినా మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు.

ముందు సేవ సంగతి చూద్దాం. 1998లో మిచ్ తుఫాను హోండురాస్‌ను ఛిన్నాభిన్నం చేసింది. వేల మంది చనిపోయారు, లక్షల మంది నిలువనీడ కోల్పోయారు. ఇళ్లు కట్టడానికి ఉత్తర అమెరికా చర్చిల నుంచి బృందం వెంట బృందం వచ్చింది. అదే సమయంలో హోండురాస్ క్రైస్తవ సంస్థలు కూడా స్థానిక మేస్త్రీలతో, కూలీలతో ఇళ్లు కట్టించాయి. చాలాకాలం ఆ దేశంలోనే నివసించిన పరిశోధకుడు కర్ట్ వెర్ బీక్ ఈ రెండు పద్ధతులనూ పోల్చి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక ఇల్లు కట్టడానికి అయ్యే ఖర్చు సుమారు 2 వేల డాలర్లు. ఒక్కో విదేశీ బృందం విమాన చార్జీలతో సహా సగటున పెట్టిన ఖర్చు సుమారు 30 వేల డాలర్లు. అంటే ఒక బృందం వచ్చి వెళ్లే ఖర్చుతో పదిహేను కుటుంబాలకు గూడు దొరికేది, పని లేక అల్లాడుతున్న స్థానిక కూలీలకు ఆ రోజుల్లో కూలి దొరికేది. విదేశీయులు కట్టిన ఇళ్లలో ఉన్నవారి జీవితాలకూ, స్థానికులు కట్టిన ఇళ్లలో ఉన్నవారి జీవితాలకూ ఆయనకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇల్లు దక్కినందుకు ఇరు వర్గాలవారూ కృతజ్ఞతతోనే ఉన్నారు. వచ్చినవారి ప్రేమను ఎవరూ శంకించలేదు. కానీ ఆ డబ్బు ఎలా ఖర్చు కావాలని ముందుగా అడిగి ఉంటే, తుఫానులో ఇల్లు పోయిన తల్లి ఏ లెక్క వైపు మొగ్గేదో ఊహించడం కష్టం కాదు.

అలా అడగరు. ఒకవేళ అడిగినా నిజం బయటికి రాదు. వచ్చే బృందం వెనుక నిధులు ఉంటాయి. ఈ ఏడాది వద్దంటే వచ్చే ఏడాది చర్చి పైకప్పుకు, పాస్టరు జీతానికి, పిల్లల ఫీజులకు వచ్చే సాయం ఆగిపోతుందేమోనన్న భయం ఉంటుంది. అందుకే వరికోతల సమయంలో వచ్చినా స్వాగతమే, అక్కర్లేని గోడకు రంగు వేస్తామన్నా స్వాగతమే. దండలు, శాలువాలు, పాటలు అన్నీ సిద్ధమవుతాయి. మమ్మల్ని ఎంతో సంతోషంగా ఆదరించారని తిరిగి వెళ్లినవారు చెప్పే మాట అబద్ధం కాదు. అతిథిని ఆదరించడం పేదవారి ఇంట్లోనూ ఉన్న సంస్కారం. కానీ వద్దనే వీలు లేని చోట ఆదరణను అంగీకారానికి రుజువుగా తీసుకోలేం. 1968లో మెక్సికోలోని కుయెర్నవాకాలో, సేవ కోసం వచ్చిన అమెరికా విద్యార్థులనుద్దేశించి మాట్లాడుతూ ఇవాన్ ఇలిచ్ ఈ అసమానతనే వేలెత్తి చూపారు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దన్నది అప్పట్లో కాథలిక్ గురువుగా ఉన్న ఆయన మాటల సారాంశం. ఆయన తీర్పు మరీ కఠినమని నాకు అనిపిస్తుంది. ఆయన గుర్తించిన జబ్బు మాత్రం నేటికీ తగ్గలేదు.

ఈ అసమానత పసిపిల్లల జీవితాల మీద పడినప్పుడు ఎంత ప్రమాదకరమో కంబోడియా చూపించింది. 2005 నుంచి 2010 వరకు ఐదేళ్లలో ఆ దేశంలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగిందని యునిసెఫ్ వెల్లడించింది. అనాథలు పెరిగినందువల్ల కాదు. ఆశ్రమాల్లోని పిల్లల్లో అత్యధికులకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. విదేశీ సందర్శకులు, స్వచ్ఛంద సేవకులు, దాతలు అనాథాశ్రమాలను కోరుకున్నారు. కోరిక ఉన్నచోట సరఫరా పుట్టుకొచ్చింది. చదువు చెప్పిస్తామంటే పేద తల్లిదండ్రులు పిల్లలను అప్పగించారు. హైతీలో 2010 భూకంపం తర్వాత ఒక అమెరికన్ చర్చి బృందానికి చెందిన పది మంది సరైన పత్రాలు లేకుండా 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లల్లో చాలామందికి కన్నవారు ఉన్నారని ఆ తర్వాత తేలింది. అనాథాశ్రమాల పేరుతో జరిగే పిల్లల రవాణాను ఆధునిక బానిసత్వంగా పరిగణిస్తూ ఆస్ట్రేలియా 2018లో ముందడుగు వేసింది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఆశ్రమాల్లో స్వచ్ఛంద సేవ పేరిట పిల్లలకు జరుగుతున్న హానిపై హెచ్చరించింది. పిల్లల సంరక్షణ కేంద్రాలన్నీ నమోదు కావాలని మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం నిర్దేశించింది. వారం రోజులు ఎత్తుకుని ముద్దాడి వెళ్లిపోయే కొత్త ముఖాలు ఏడాదికి పదిసార్లు మారుతుంటే ఆ పసిమనసు ఏమవుతుంది? అదే డబ్బుతో ఆ బిడ్డను కన్నతల్లి దగ్గరే ఉంచి చదివించవచ్చు. మన రాష్ట్రాల్లోని హాస్టళ్లకు, హోమ్‌లకు బృందాలను తీసుకొచ్చేవారు ఈ ప్రశ్నను దాటవేయకూడదు.

ఇక విశ్వాసం పంచుకోవడం. ఇక్కడ కూడా వచ్చినవారు వెళ్లిపోతారు, పర్యవసానం ఉన్నవారి మీద పడుతుంది. 2007 జులైలో దక్షిణ కొరియాలోని సేమ్‌ముల్ చర్చికి చెందిన 23 మంది స్వల్పకాలిక పరిచర్య కోసం అఫ్గానిస్థాన్ వెళ్లారు. కాబూల్ నుంచి కాందహార్ వెళ్లే దారిలో గజనీ రాష్ట్రంలో తాలిబన్లు వారిని అపహరించారు. ఇద్దరిని చంపారు. మిగిలినవారంతా విడుదలయ్యేసరికి ఆగస్టు చివరికి వచ్చింది. ఆ ఒప్పందంలో భాగంగా కొరియా ప్రభుత్వం సైన్యాన్ని వెనక్కి పిలవడానికీ, తమ పౌరుల మత ప్రచారాన్ని అక్కడ ఆపడానికీ ఒప్పుకుంది. సహాయ కార్యక్రమాల్లో ఉన్న కొరియన్లు కూడా ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. ఆ 23 మంది ధైర్యాన్ని, అనుభవించిన వేదనను తక్కువ చేయలేం. అయితే కొన్ని రోజుల పర్యటన వల్ల నెలల తరబడి, ఏళ్ల తరబడి నిలిచి చేసే పని ఆగిపోయిందన్న నిజాన్ని దాచలేం. 2018 నవంబరులో అమెరికన్ యువకుడు జాన్ అలెన్ చౌ చట్టం నిషేధించిన ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. బయటి లోకపు మామూలు జబ్బును కూడా తట్టుకోలేని స్థితిలో ఉన్న ఆ ఆదిమ జాతికి ఆయన రాకే ఒక ముప్పు. తీసుకెళ్లిన జాలర్లు జైలుపాలయ్యారు. ఎవరూ పిలవని చోటికి వెళ్లడాన్ని విశ్వాస సాహసమని పొగిడే ముందు ఆ జాలర్ల కుటుంబాల గురించి ఆలోచించాలి.

వెళ్లమన్నది ప్రభువు ఆజ్ఞ కదా, మనుషుల అనుమతి కోసం ఎదురుచూడాలా అని విశ్వాసులు అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. దీనికి సమాధానం బైబిల్లోనే ఉంది. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు డెబ్బై మందిని ఊళ్లకు పంపుతాడు. అది స్వల్పకాలిక పరిచర్యే. కానీ సంచి, జాలె, చెప్పులు తీసుకెళ్లవద్దంటాడు. ఏ ఇల్లు చేర్చుకుంటే ఆ ఇంట్లోనే ఉండమంటాడు, వాళ్లు పెట్టిందే తినమంటాడు, ఇల్లిల్లూ తిరగవద్దంటాడు. చేర్చుకోని ఊరి నుంచి బయటికి వచ్చేయమంటాడు. అక్కడ చేయి చాచేది వెళ్లినవాడు, పెట్టేది ఊరివాడు. తలుపు తీయాలా వద్దా అన్నది ఊరివాడి ఇష్టం. నేటి బృందాలు పెట్టెల నిండా కానుకలతో, ముందే ముద్రించిన కార్యక్రమంతో వెళ్లి ఆ వరుసను పూర్తిగా తలకిందులు చేశాయి. పౌలు ప్రయాణాలను ఆదర్శంగా చూపేవారు కూడా ఆయన కొరింథులో ఏడాదిన్నర, ఎఫెసులో రెండేళ్లకు పైగా ఉన్నాడని, తన చేతులతో డేరాలు కుట్టుకుని బతికాడని అపొస్తలుల కార్యములు చెప్పే సంగతిని మరవకూడదు. ఆజ్ఞను కాదనమని నేను అనడం లేదు. ఆజ్ఞతో పాటు ఇచ్చిన పద్ధతిని కూడా పాటించమంటున్నాను.

తెలుగు నేల చరిత్ర ఇదే చెబుతుంది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై, 1840లో నెల్లూరు చేరింది. దాదాపు ముప్ఫై ఏళ్లపాటు ఫలితం అంతంత మాత్రమే కావడంతో మూసేయాలా అన్న చర్చ కూడా అక్కడి బోర్డులో జరిగింది. 1860ల్లో ఒంగోలు ప్రాంతంలో పరిస్థితి మారింది. మార్పునకు మూలం తళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద. తన బంధువుల్లో, తన కులస్థుల్లో, తన భాషలో ఆయన సువార్త చెప్పాడు. ఆ మిషన్‌కు చెందిన జాన్ క్లౌ దొర 1865లో ఈ దేశం వచ్చి, తెలుగు నేర్చుకుని, నాలుగు దశాబ్దాలు ఈ ప్రాంతంతో పెనవేసుకున్నాడు. 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారిని ఏడాదికి పైగా ఆపాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కూలికీ బాప్తిస్మానికీ మధ్య గీత గీశాడు. సహాయ పనులు ముగిశాకే, 1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. నీళ్లలో దిగి ఆ బాప్తిస్మాలు ఇచ్చింది తెలుగు బోధకులు. ఆకలి ప్రభావం ఆ నిర్ణయాల మీద ఎంతమాత్రం లేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కులం పెట్టిన బాధ కూడా వారిని కదిలించింది, అందులో తప్పేమీ లేదు. కానీ తన చేతిలో ఉన్న అన్నాన్ని ఎరగా వాడకూడదని క్లౌ తీసుకున్న నిర్ణయం నేటి ఏ మిషన్ బృందానికైనా కొలబద్ద. మందుల క్యూలో నిలబడ్డ రోగి చేతిలో క్రీస్తును అంగీకరిస్తున్నానన్న నిర్ణయ పత్రం పెట్టి సంతకం అడిగే పద్ధతి ఆ కొలతకు నిలవదు.

దోర్నకల్ కథ మరో పాఠం. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు అజరయ్య 1903లో మొదలైన ఇండియన్ మిషనరీ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ సంస్థ తెలుగు ప్రాంతాన్ని తన పనిక్షేత్రంగా ఎంచుకుంది. అజరయ్య తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో స్థిరపడి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్యులను నిలదీశారు. మీ త్యాగాలకూ, దానాలకూ మా కృతజ్ఞతలు ఉన్నాయి, మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ ప్రసంగ సారం. నూరేళ్లు దాటినా ఆ విన్నపానికి పూర్తి జవాబు రాలేదు. వారం రోజుల్లో గట్టి ఇల్లు కట్టలేం, భాష నేర్చుకోలేం, ఒక మనిషి అంతరంగాన్ని తెలుసుకోలేం. కానీ స్నేహానికి నాంది పలకడానికి వారం చాలు. మరుసటి ఏడాది అదే ఊరికి, అదే మనుషుల దగ్గరికి వెళితే ఆ స్నేహం బలపడుతుంది. వారి పాస్టరును మన సంఘానికి పిలిచి, మన వేదిక మీద ఆయన ప్రసంగం వింటే అది సమానుల స్నేహం అవుతుంది. స్వల్పకాలిక ప్రయాణానికి సరిపోయే పని ఇదే.

వెళ్లినవారి జీవితాలు మారతాయి, వారు మరింతగా ఇస్తారు, కొందరు జీవితాంతం సేవకు అంకితమవుతారు, ఆ మేలును లెక్కలోకి తీసుకోరా అని మరో అభ్యంతరం. కొందరి విషయంలో ఇది నిజం. దీర్ఘకాల మిషనరీల్లో కొందరు తొలిపిలుపును ఇలాంటి ప్రయాణంలోనే విన్నారు. కానీ మొత్తం మీద చూస్తే రుజువులు బలహీనంగా ఉన్నాయి. హోండురాస్ వెళ్లి వచ్చినవారిలో చాలామంది తమ ప్రార్థన, దాతృత్వం పెరిగాయని చెప్పారు. తీసుకెళ్లిన సంస్థ పుస్తకాల్లో కానుకల వివరాలు చూస్తే ఆ మాటకు తగ్గ పెరుగుదల కనిపించలేదని వెర్ బీక్ రాశారు. ఈ ప్రయాణాలపై విస్తృతంగా పరిశోధించిన రాబర్ట్ ప్రీస్ట్ కూడా వీటి దీర్ఘకాలిక ప్రభావంపై పెద్ద ఆశలు పెట్టుకోలేమన్నారు. ప్రయాణం లేకపోతే ఆ డబ్బే రాదు కదా అనేవారూ ఉన్నారు. ఇవ్వడానికి సెలవు ప్రయాణం తోడు కావాలంటే, ఆ బలహీనతను సరిదిద్దవలసింది పంపే సంఘం. దాని ఖర్చు పేదవారి ఖాతాలో రాయకూడదు. పైగా మనం మారడం కోసం మరొకరి పేదరికాన్ని పాఠ్యపుస్తకంగా వాడుకోవడంలో న్యాయం లేదు.

నైపుణ్యం ఉన్నవారి సంగతి వేరు కదా అంటే, వేరే. గ్రహణంమొర్రి సరిచేసే శస్త్రవైద్యులు, కంటి శుక్లాలు తీసేవారు, స్థానిక నర్సులకు శిక్షణ ఇచ్చేవారు పది రోజుల్లో ఎంతో మేలు చేయగలరు. అప్పుడు కూడా వారు వెళ్లిపోయాక కుట్లు విప్పేదెవరు, జ్వరం వస్తే చూసేదెవరు అన్న ఏర్పాటు స్థానిక ఆస్పత్రితో ముందే ఉండాలి. బీపీకి, షుగరుకు వారం మాత్రలిచ్చి పోతే మిగతా 51 వారాలు ఎవరు చూస్తారు? గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆస్పత్రి కట్టి, 1930లో అక్కడే కన్నుమూశారు. ఆ ఆస్పత్రి ఆమె తర్వాతా నిలిచింది. అందరూ జీవితాన్ని అలా ధారపోయలేరు. అలా నిలిచిన సంస్థలకు తోడుగా, వారి ప్రణాళికలో ఒక చేయిగా వెళ్లడం అందరికీ సాధ్యమే.

చివరగా అవతలి వైపు అభ్యంతరం. ఈ ప్రయాణాలన్నీ సేవ ముసుగులో మతమార్పిడులేనని, పూర్తిగా ఆపాలని అనేవారున్నారు. వారి అనుమానానికి కొంత కారణం ఉంది, వారు చెప్పే పరిష్కారం మాత్రం సరికాదు. తన విశ్వాసాన్ని మాటల్లో చెప్పుకోవడం మనిషి స్వేచ్ఛ. మన రాజ్యాంగం 25వ అధికరణ దాన్ని గుర్తించింది. మరొకరిని మతం మార్చే హక్కు అందులో భాగం కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వినేవాడు తన మనసు తాను మార్చుకునే స్వేచ్ఛ మాత్రం ఎవరూ తీసేయలేనిది. ఈ స్వేచ్ఛ మీద నమ్మకం ఉన్నవారే నిజాయితీకి ముందుండాలి. పర్యాటక వీసాపై వచ్చి ప్రసంగాలు చేయడం మన దేశ నిబంధనలకు విరుద్ధం. మిషనరీ వీసా వేరే ఉంది. నేపాల్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ఇతరులను మతం మార్చడాన్ని నేరంగా పరిగణిస్తుంది, ఐదేళ్ల వరకు జైలు, విదేశీయులైతే శిక్ష తర్వాత దేశబహిష్కరణ. ఆ చట్టం అన్యాయమని ఎవరైనా అనుకోవచ్చు, నేనూ అనుకుంటున్నాను. కానీ దాన్ని దొంగచాటుగా దాటి మన బృందం ఇంటికి తిరిగొచ్చాక పోలీసులు తలుపు కొట్టేది నేపాలీ పాస్టరు ఇంటిదే. ఆ ప్రమాదం మోయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం కావాలి, మనది కాదు.

కాబట్టి ప్రతి సంఘం బృందాన్ని పంపే ముందు ఆతిథ్యమిచ్చేవారిని నేరుగా అడగాలి: ఈ ఖర్చంతా మీ చేతికే ఇస్తే దేనికి వాడతారు? మేము రావడం అవసరమా? వస్తే ఎప్పుడు, ఎందరు, ఏ పనికి? వద్దంటే మా సాయం ఆగదని ముందే రాసివ్వాలి. ఆ హామీ లేకుండా వచ్చే సమాధానానికి విలువ లేదు. సాయం అందించే చోట మత నిర్ణయం అడగకూడదు. అనాథాశ్రమ సందర్శనలు మానుకోవాలి. పిల్లల ఫొటోలు నిధుల కరపత్రాలకు ఎక్కకూడదు. ఆతిథ్యమిచ్చే తెలుగు పాస్టర్లకూ ఒక బాధ్యత ఉంది. వచ్చే అతిథికి నచ్చేది చూపడం మాని, మన ఊరికి నిజంగా కావలసింది చెప్పాలి. అవసరమైతే ఈసారి వద్దని ప్రేమగా, స్పష్టంగా చెప్పగలగాలి. ఆ మాట విని నొచ్చుకోకుండా ఆగగలిగిన బృందమే రేపు పిలుపు అందుకుని వెళ్లినప్పుడు తన విశ్వాసాన్ని అర్హతతో పంచుకోగలుగుతుంది.